గడ్డం కింద చెయ్యి

పెళ్లి భోజనాల దగ్గర నేను డాక్టర్నని తెలిస్తే చాలు, పక్కన కూర్చున్నవాళ్లు ఎడమ చెయ్యి చాపేసేవారు, నాడి చూడమని. ఇంతకీ ఏ డాక్టరండీ అని అడిగేవారు. రేడియాలజీ అనేదాన్ని. చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్లిపోయేది. ఓహో, ఎక్స్‌రేలు తీస్తారన్నమాట అని, నన్ను వదిలేసి ఎదురు వరసలో ఉన్న చర్మం డాక్టర్ని పట్టుకునేవారు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. పోనుపోను అదే సుఖమనిపించింది. పప్పు చల్లారకముందే భోంచేసే డాక్టరు ఆ పందిట్లో నేనొక్కదాన్నే.

మా నాన్న కాకినాడ నుంచి వచ్చి రాణీగంజ్‌లో మోటారు పంపుల షాపు పెట్టారు. నేను ఈ ఊళ్లోనే చదువుకుని, సికింద్రాబాద్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రిలో చేరి, అక్కడే రిటైరయ్యాను. మధ్యలో ప్రమోషన్లు వచ్చాయి, గదులు మారాయి, తలుపు మీద పేరు పక్కన అక్షరాలు పెరిగాయి. వాటి గురించి రాస్తే మా ఆయన కూడా చదవరు. అందుకని వదిలేస్తున్నాను.

ఇది రేడియాలజీలో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం. వాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఎమ్మారై ఉండగా డై వేసి మెడలో వెన్నుపాము చూసే ఆ పాత పరీక్ష మాకెందుకు మేడమ్ అని. వాళ్ల ప్రశ్నలో తప్పేమీ లేదు. నా జవాబే కొంచెం పొడుగు.

రంగు లేని డై

ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి, వెన్నుపాము కనిపించదు. మెడలో అది దాదాపు మన చిటికెన వేలంత లావుంటుంది. ఎముకల గొట్టంలో, నీళ్ల సంచిలో తేలుతుంటుంది. మెదడు నుంచి చేతులకూ కాళ్లకూ వెళ్లే కబుర్లన్నీ దాని గుండానే పోవాలి. ఆ గొట్టం ఎక్కడైనా ఇరుకైతే చాలామందికి ముందు వేళ్లు మొండికేస్తాయి. చొక్కా గుండీ పట్టుకు రాదు, అన్నం ముద్ద నోటిదాకా రాకుండా జారిపోతుంది.

ఆ నీళ్లలో ఎక్స్‌రేకి తెల్లగా కనపడే మందు కలిపితే, తెలుపు మధ్యలో వెన్నుపాము నీడలాగా తేలుతుంది. దీన్ని మైలోగ్రామ్ అంటాం. నడుము దగ్గర సూదితో మందు ఎక్కిస్తాం. అది నీళ్లకంటే బరువు కాబట్టి పల్లానికి పోతుంది. మనిషిని బోర్లా పడుకోబెట్టి, కట్టేసి, బల్లను తలవైపు వంచితే నడుము నుంచి మెడకు పారుతుంది. పొలానికి నీళ్లు కట్టిన వాళ్లెవరైనా ఈ పరీక్షను ఒక పూటలో అర్థం చేసుకోగలరు.

డై అంటాం గానీ దానికి రంగుండదు. సీసాలో మంచినీళ్లలా ఉంటుంది. ఒకసారి ఒకావిడ, తలకేసుకునే డైనా అమ్మా, లోపలంతా నల్లగైతదా అని భయంగా అడిగింది. కాదని చెప్పి సీసా చూపించాను. ఆవిడ సీసాను ఎత్తి వెలుతురులో చూసి, ఇంత సాదా నీళ్లకు ఇంత హంగామానా అని పెదవి విరిచింది. చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించేది.

నేను చేరిన కొత్తలో నూనెలాంటి మందు వాడేవాళ్లం. పరీక్ష అయ్యాక దాన్ని మళ్లీ సూదితో బయటికి లాగాలి. వచ్చినంత లాగి, మిగతాది దేవుడి మీద భారం వేసేవాళ్లం. ఏళ్ల తర్వాత అదే మనిషికి ఇంకేదో ఎక్స్‌రే తీస్తే ఆ చుక్కలు ఇంకా అక్కడే మెరుస్తూ పలకరించేవి. తర్వాత నీళ్లలో కరిగే మందు వచ్చింది. అది దానంతటదే ఒంట్లో కలిసి బయటికి పోతుంది. తర్వాత సీటీ వచ్చింది, ఆ తర్వాత ఎమ్మారై వచ్చి మా వంపు బల్ల పని చాలావరకు లాగేసుకుంది. నేనేం బాధపడలేదు. సూది గుచ్చకుండా వెన్నుపాము కనిపిస్తుంటే ఇంకేం కావాలి?

కానీ ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతం, అందరూ అందులోకి వెళ్లలేరు. పాతకాలపు పేస్‌మేకర్ ఉన్నవాళ్లున్నారు, కంట్లో ఇనుప రజను పడ్డ లేత్ పనివాళ్లున్నారు. వాళ్లకు ఇప్పటికీ డై వేసి, బల్ల వంచి, వెంటనే సీటీ తీయడమే దారి. పాత బల్లను అమ్మేద్దామని ఆఫీసువాళ్లు అన్నప్పుడల్లా నేను పోట్లాడాను. నా చీరలు అమ్మమన్నా అంత గట్టిగా పోట్లాడేదాన్ని కాదు.

కర్నల్ సార్ పెట్టిన ఆచారం

మా మొదటి హెడ్ సైన్యంలో డాక్టరుగా చేసి వచ్చిన మనిషి. విజయనగరం ఆయన. దేశమంతా తిరిగి తిరిగి ఆయన తెలుగులో సగం హిందీ చేరింది. మేమంతా కర్నల్ సార్ అనేవాళ్లం. మీసం తెల్లబడినా కోపం మాత్రం నల్లగానే ఉండేది.

మా విభాగంలో కొత్తగా చేరినవాళ్లకు టీ, సమోసాలతో స్వాగతం ఉండేది కాదు. వంపు బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, పట్టీలు కట్టి, తలకిందులుగా వంచేవారు. నన్నూ వంచారు. చీర కుచ్చిళ్లు పట్టీ కింద నలిగిపోయాయి, జడ నేలకు వేలాడింది, రక్తమంతా ముఖంలోకి వచ్చింది. దించండి సార్ అన్నాను. రోగి కూడా ఇదే అంటాడు, అప్పుడు గుర్తు తెచ్చుకో అన్నారు. ఆరోజు ఆయన్ని మనసులో బాగా తిట్టుకున్నాను. నేను హెడ్ అయ్యాక అదే ఆచారం కొనసాగించాను. నన్ను ఎంతమంది తిట్టుకున్నారో నాకనవసరం.

ఇంకో నియమం గడ్డం గురించి. బల్ల తలవైపు వంగి ఉన్నంతసేపూ రోగి గడ్డం పైకెత్తి ఉండాలి. మెడ వెనక్కి వంగితే అక్కడ చిన్న గుంట ఏర్పడి డై నిలుస్తుంది. గడ్డం దిగిందా, డై సరాసరి పుర్రెలోకి పోతుంది. అప్పుడు తలనొప్పి, వాంతులు, ఖర్మ కాలితే ఫిట్స్. అందుకని ఒకరు తల దగ్గర స్టూలేసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టి కూర్చోవాలి. వేరే చోట్ల ఈ పని అందరికంటే చిన్నవాళ్లకు అప్పజెప్పేవారు. మా దగ్గర అందరికంటే పెద్దవాళ్లు చెయ్యాలి. పైగా గడ్డం పట్టినవాళ్లు డై పారడం కనిపించే తెర వైపు చూడకూడదు. రోగి మొహం చూస్తూ, మాట్లాడుతూ ఉండాలి.

తెర చూడని రేడియాలజిస్టు ఏం రేడియాలజిస్టు సార్ అని ఒకసారి అడిగేశాను. సీసం ఏప్రన్ బరువుకు భుజాలు లాగుతున్నాయి, ఆకలేస్తోంది, అందుకే అంత ధైర్యం వచ్చింది. ఆయన తిడతారనుకున్నాను. తెర ఎక్కడికీ పోదు, బొమ్మ మళ్లీ చూడొచ్చు, మనిషి మొహం మాత్రం అప్పుడే చూడాలి అన్నారు. నా వృత్తిలో నేను విన్న మంచి మాటల్లో అదొకటి.

ఆయన చెప్పినవన్నీ ఒప్పుకున్నానని కాదు. ఆయన కేకలకు ఇద్దరు మంచి టెక్నీషియన్లు వేరే ఆసుపత్రికి వెళ్లిపోయారు. అది మా విభాగానికి నష్టమే. భయపెడితే పని నేర్చుకుంటారని ఆయన నమ్మేవారు, నేను నమ్మను. ఆయనకు ఇంకో మూఢనమ్మకం ఉండేది. ఫిల్మ్ అబద్ధం చెప్పదు, అనేవారు. చాలాకాలం నేనూ అదే నమ్మాను. ఆ నమ్మకాన్ని వదిలించింది అల్వాల్ నుంచి వచ్చిన ఖాజా మాస్టర్.

ఖాజా మాస్టర్

అప్పటికి నా రిటైర్మెంట్ దగ్గర పడింది. ఖాజా మాస్టర్ మగ్గం వర్క్ చేసేవాడు. చెక్క చట్రానికి పెళ్లి జాకెట్టు గుడ్డ బిగించి, దాని మీద కొక్కెం సూదితో జరీ, పూసలు, నెమళ్లు, తామరలు కుట్టే పని. పొద్దున కూర్చుంటే మెడ వంచినవాడు వంచినట్టే ఉండాలి. సైనిక్‌పురి, ఏ.ఎస్. రావు నగర్ బొటిక్‌ల వాళ్లు ఆయన పనికోసం వరస కట్టేవారు. భార్య నజ్మా కూడా అదే చట్రానికి అవతలి పక్క కూర్చుని కుట్టేది.

కొంతకాలంగా ఆయన వేళ్లలో పట్టు తప్పింది. ముందు పూస జారింది, తర్వాత సూది జారింది. నెమలి ఒళ్లు ఎలాగో కుట్టినా కన్ను కుట్టలేకపోయాడు. కన్నులో కుట్టు ఒక్క పోగు పక్కకు పోతే నెమలికి మెల్లకన్ను వస్తుందట. కన్నులన్నీ నజ్మా కుడుతుంటే, పని మాత్రం ఆయన పేరు మీదే వెళ్తోంది. ఆ సంగతి ఆయనకు చాలా బాధగా ఉండేది.

మెడలో వెన్నుపాము నలుగుతోందని మా న్యూరోసర్జన్ ప్రసాద్ కనిపెట్టాడు. ఎమ్మారై తీద్దామంటే గుండెలో పాత పేస్‌మేకర్. అందుకని నా దగ్గరికి పంపాడు. ప్రసాద్‌కు కావలసిన జవాబు ఒక్కటే. నలుగుతున్నది ఒకచోటా, లేక దారి మొత్తం మూసుకుపోయిందా? ఒకచోటే అయితే మెడ ముందు నుంచి చిన్న ఆపరేషన్ సరిపోతుంది. మొత్తం మూసుకుపోతే లోపల గడ్డేమైనా ఉందేమో అనుమానించాలి, వెనక నుంచి ఎముకలు తెరిచి చాలాసేపు చెయ్యాలి. అంతసేపు మత్తు ఆ గుండె తట్టుకోలేదని గుండె డాక్టర్ ముందే చెప్పేశాడు. అంటే పెద్ద ఆపరేషన్ అని తేలితే అసలు ఆపరేషనే ఉండదు. చేతులు మెల్లమెల్లగా పోతుంటే చూస్తూ కూర్చోవడమే.

ప్రసాద్ ఇదంతా ఆయనకు దాచకుండా చెప్పాడు. బల్ల ఎక్కేముందు ఖాజా మాస్టర్ నన్ను ఒక్కటే అడిగాడు.

"అమ్మా, చేతులు పోతె నేను ఏం మాస్టర్ని?"

ముందు చూద్దాం మాస్టర్, చూడకుండానే దిగులెందుకు అన్నాను. ఆ మాట నా చెవికే చప్పగా వినిపించింది.

గోడ

సూది వేసింది సుష్మ. అప్పుడే చదువు ముగించుకుని వచ్చిన పిల్ల, చెయ్యి చాలా మెత్తన. బల్ల నడిపేది యాదగిరి, మా టెక్నీషియన్. నేను స్టూలు వేసుకుని మాస్టర్ గడ్డం కింద చెయ్యి పెట్టి కూర్చున్నాను. ప్రసాద్ కంట్రోల్ గది అద్దం అవతల నిలబడ్డాడు.

బల్ల వంగింది. గడ్డం ఎత్తి పట్టుకున్నాను. అరచేతికి ఆ గడ్డం ఎలాగో తగిలింది. ఒకచోట నున్నగా, ఒకచోట ముళ్లుముళ్లుగా, అక్కడక్కడా మానుతున్న గాట్లు. కబుర్లు చెప్పాలి కదా, దాన్నే పట్టుకున్నాను.

"మాస్టర్, ఈ గడ్డం ఎవరు గీశారు? కొడవలితోనా?"

ఆయన నవ్వాడు. తనే గీసుకుంటున్నాడట. సూదే పట్టుకోలేని చేతులతో బ్లేడు పట్టుకుంటే ఇంతకంటే ఏం వస్తుంది అన్నాడు. మరి షాపుకు పోవచ్చు కదా అన్నాను.

"మంగలి షాపుకు పోవుడు బంద్ జేసిననమ్మా. కుర్సీల తల ఎనకకు ఒంచంగనె చేతులు ఉన్నయా లేవా తెల్వదు. తల జెర ముంగటికి తెస్తె మల్ల ఒస్తయి. పరేషానయ్యి పోవుడే ఇడిసిపెట్టిన."

ఈ సంగతి ప్రసాద్‌కు చెప్పారా అని అడిగాను. మంగలి షాపు ముచ్చట అంత పెద్ద డాక్టరుకు ఎట్లా చెప్తామమ్మా అన్నాడు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. మాట చెవిన పడింది గానీ ఇంకా బుర్రకెక్కలేదు.

అంతలో సుష్మ గొంతు వినిపించింది. డై పైకి వచ్చింది మేడమ్, ఆగిపోయింది అంది. మెడ మధ్యలో గోడ కట్టినట్టు ఆగిందట. యాదగిరి బల్లను ఇంకొంచెం వంచాడు. కదల్లేదు. ఫిల్మ్ తీశారు. పూర్తి బ్లాక్ మేడమ్, క్లాసిక్, అంది సుష్మ. ఆ గొంతులో సంతోషం ఉంది. దాన్ని నేను తప్పుపట్టను. పుస్తకంలో చూసిన బొమ్మ ఎదురుగా కనపడితే ఆ వయసులో మాకూ అంతే ఉండేది. మనకు క్లాసిక్ అయింది బల్ల మీదున్న మనిషికి ఏమవుతుందో కొంచెం ఆలస్యంగా తడుతుంది, అంతే.

అద్దం అవతల ప్రసాద్ తల ఊపి, తలుపు వైపు నడిచాడు. బయట నజ్మా కూర్చుని ఉంది. గుండె డాక్టర్ ఏమన్నాడో ఆమెకు తెలుసు. బ్లాక్ అన్న మాట వింటే చాలు, మిగతాది ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను నియమం ప్రకారం తెర చూడలేదు. మాస్టర్ మొహం చూస్తున్నాను. ఆయన నా చెయ్యి మీద గడ్డం ఆనించి, తల బాగా వెనక్కి వంచి ఉన్నాడు. సరిగ్గా మంగలి కుర్చీలో వంచినట్టే.

మంగలి షాపు ముచ్చట అప్పుడు బుర్రకెక్కింది.

"మాస్టర్, ఇప్పుడు చేతులు ఎలా ఉన్నాయి?"

"ఇప్పుడు సుత లేవమ్మా. మీరు గడ్డం లేపినప్పటి సంది లేవు. పరీచ్ఛల గిట్లనె ఉంటదేమో అని ఊకున్న."

ప్రసాద్, తలుపు దగ్గరే ఆగు, ఆవిడకి ఏమీ చెప్పకు అని గట్టిగా అన్నాను. ఆ గదిలో నేను గొంతు పెంచడం యాదగిరి అదే మొదటిసారి విన్నాడట, తర్వాత చెప్పాడు.

మగ్గం ముందు కూర్చున్నట్టు

పిల్లలూ, ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. గొట్టం ముందే ఇరుగ్గా ఉన్నవాళ్లలో మెడను వెనక్కి వంచితే, వెనకవైపు ఉండే పొర మడతపడి లోపలికి వస్తుంది. ముందు నుంచి డిస్కు ఒత్తుతుంటే, వెనక నుంచి ఆ మడత ఒత్తుతుంది. అప్పటిదాకా ఇరుకుగా ఉన్న దారి అప్పుడు పూర్తిగా మూసుకుపోవచ్చు. అంటే ఆ గోడ ఆయన మెడలో ఎప్పుడూ ఉన్నది కాదు. గడ్డం ఎత్తి మేము కట్టింది. డై తలకెక్కకుండా కాపాడే నియమమే గోడ కట్టింది. డై వేసి మెడ చూసేవాళ్లు తప్ప ఇలాంటి పొరపాటు ఇంకెవరూ చెయ్యలేరు.

ఇప్పుడు గడ్డం దించాలి. ఆయన చేతుల కోసమైనా తక్షణం దించాలి. కానీ దించితే డై పుర్రెలోకి పోవచ్చు. కర్నల్ సార్ కేకలు చెవుల్లో మోగాయి. నిజం చెప్తున్నాను, నాకు భయమేసింది. ఫిట్స్ వచ్చిన ఒక మనిషిని చదువుకునే రోజుల్లో వేరే ఆసుపత్రిలో చూశాను, అది మరిచిపోయే దృశ్యం కాదు.

ముందు బల్ల లెవెల్ చెయ్యమన్నాను. యాదగిరి చేశాడు. బల్ల సమంగా అయితే డై పరిగెత్తదు, పాకుతుంది. తర్వాత మాస్టర్‌తో అన్నాను, "ఇప్పుడు మీరు మగ్గం ముందు కూర్చున్నారనుకోండి. నెమలి మీ ఎదురుగా ఉంది. తల మీరే మెల్లగా దించండి, చెయ్యి నేను తియ్యను. చేతులు వచ్చిన క్షణం చెప్పండి."

నా అరచెయ్యి ఆ గరుకు గడ్డంతో పాటు కొంచెం కొంచెంగా కిందికి దిగింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి, దువా చదువుతున్నాడు.

"ఒచ్చినయి," అన్నాడు. "వేళ్లు ఒచ్చినయమ్మా."

ఒంటికి ఆనించి ఉన్న చేతుల్లో బొటనవేలు చూపుడువేలికి తాకి, ఏదో పోగు పట్టుకున్నట్టు ఆడుతోంది. అదే సమయానికి సుష్మ, మేడమ్, పోతోంది, పోతోంది అంది. గోడకు రెండు పక్కల నుంచీ డై సన్నటి దారాల్లా పైకి జారుతోందట. నేను నియమం తప్పి, తల తిప్పి తెర చూశాను. తప్పిన నియమం ఎలాగూ ఒకటి ఉంది, రెండోది కలిస్తే ఏం పోయింది?

మెడ దాటిందనగానే తలవైపు ఎత్తించి సీటీకి తీసుకెళ్లాం. అక్కడ తల కింద దిండు పెట్టి, మెడ కాస్త ముందుకు ఉండేలా పడుకోబెట్టాం. ముక్కలు ముక్కలుగా బొమ్మలు వచ్చాయి. పైన వెన్నుపాము గుండ్రంగా, చుట్టూ తెల్లటి నీళ్లతో హాయిగా ఉంది. కిందా అంతే. మధ్యలో ఒక్కచోట డిస్కు ముందు నుంచి ఒత్తి దాన్ని చదును చేసింది. గడ్డ లేదు. ప్రసాద్ ఆ బొమ్మలను పైకీ కిందికీ రెండు మూడుసార్లు తిప్పి చూశాడు.

"ఒక్క లెవెలే మేడమ్. ముందు నుంచి వెళ్తా. కార్డియాలజీ వాళ్లతో నేను మాట్లాడతా," అన్నాడు. అప్పుడు తలుపు తీసుకుని నజ్మా దగ్గరికి వెళ్లాడు. ఆమె ఏడుపు మాకు లోపలికి వినిపించింది. యాదగిరి కంగారుపడి తలుపు దాకా పోయి చూసి వచ్చి, మంచి ఏడుపే మేడమ్ అన్నాడు.

సాయంత్రం మాస్టర్‌కు కాస్త తలనొప్పి వచ్చింది. బాగా నీళ్లు తాగించి పడుకోబెడితే తగ్గింది. ఆ తలనొప్పి నా ఖాతాలో రాసుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

సైనిక్‌పురిలో

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. ఆ వారంలోనే కర్నల్ సార్ ఇంటికి వెళ్లాను, సైనిక్‌పురికి. ఆయన వరండాలో గులాబీ కుండీలను వరస తప్పకుండా సర్దుతున్నారు. మా ఇద్దరికీ టీ వచ్చింది. నేను జరిగిందంతా చెప్పాను.

గడ్డం దించావా అన్నారు. దించాను సార్ అన్నాను. కేకలకు సిద్ధపడి కప్పు కింద పెట్టాను కూడా.

ఆయన కేకలు వేయలేదు. ఒక కుండీని వరసలోంచి జరిపి, మళ్లీ అదే వరసలో పెట్టారు. గడ్డం ఎత్తించి నేను బ్లాక్ అని రాసినవి ఎన్ని ఉన్నాయో అన్నారు. ఆ రోజుల్లో సీటీ ఎక్కడుంది సార్, తెలుసుకునే దారి లేదు కదా అన్నాను. నిజంగానే అలా అనుకుని అన్నాను.

"దారి ఉంది. చేతులు ఎలా ఉన్నాయని అడగడానికి సీటీ అక్కర్లేదుగా," అన్నారు.

ఆయన అంత చిన్నబోవడం ఎప్పుడూ చూడలేదు. నాకు చాలా బాధేసింది. ఆ మాట తెలిసింది కూడా మీరు పెట్టిన ఆచారం వల్లే సార్, గడ్డం పట్టినవాళ్లు మాట్లాడాలని మీరు అనకపోతే ఆ మంగలి షాపు సంగతి ఎవరికి తెలిసేది అన్నాను. పొగడ్త కాదు, ఉన్నమాటే. ఆయన మీసం కొంచెం కదిలింది. తర్వాత ఉన్నట్టుండి కుర్చీలోనే తల వెనక్కి వంచి, రెండు చేతుల వేళ్లూ ఆడించి చూసుకున్నారు. నావి పనిచేస్తున్నాయి అని ప్రకటించారు. లోపలి నుంచి ఆయన భార్య, మళ్లీ ఏం ఎక్సర్‌సైజులు మొదలుపెట్టారు, మెడ పట్టేస్తుంది అని కేకేసింది. ఆ ఇంట్లో కేకల శాఖ ఎప్పుడో చేతులు మారిందని అప్పుడే తెలిసింది.

వెళ్లేటప్పుడు గేటు దాకా వచ్చి, నియమంలో ఒక ముక్క కలపమన్నారు. గడ్డం పట్టినవాళ్లు మాట్లాడుతూ ఉండాలి, చేతుల సంగతి అడుగుతూ ఉండాలి. మర్నాడు సుష్మ దాన్ని పెద్ద అక్షరాలతో రాసి బల్ల ఎదురుగా గోడకు అంటించింది. అబద్ధం చెప్పదన్న ఆ ఫిల్మ్ సంగతి నేను ఆయన దగ్గర ఎత్తలేదు. మీకు మాత్రం చెప్తాను. మనం అడిగిన భంగిమలో మనిషి ఎలా ఉన్నాడో ఫిల్మ్ చెప్తుంది. ఆ భంగిమ వదిలాక ఎలా ఉంటాడో మనిషినే అడగాలి.

నున్నటి గడ్డం

ఎమ్మారై ఉండగా ఇదంతా ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉంది. ఎమ్మారైలోనూ మనిషిని ఒక భంగిమలోనే పడుకోబెడతారు. గొట్టంలోకి పంపేసి మనం అద్దం ఇవతల కూర్చుంటాం. అక్కడ గడ్డం కింద చెయ్యి పెట్టే వీలు లేదు. కాబట్టి పంపేముందే పెట్టండి. అంటే అక్షరాలా పెట్టమని కాదు, పెట్టినా తప్పేం లేదు.

నేను రిటైరయ్యే ముందు ఒక మధ్యాహ్నం ఖాజా మాస్టర్ మా విభాగానికి వచ్చాడు. వెనకే నజ్మా, చేతిలో డబుల్ కా మీఠా డబ్బా. నేను ఆయన మొహం కంటే ముందు చేతుల వైపు చూశాను, అలవాటు కొద్దీ. పని ఎలా సాగుతోందని అడిగాను. నెమళ్లు కుడుతున్నానన్నాడు. ఎడమ చిటికెన వేలు ఇంకా కొంచెం మొద్దుగానే ఉందట, అది అంతేనని ప్రసాద్ చెప్పాడట. మరి నెమలి కన్నులు అని అడిగాను.

"కండ్లు నజ్మానే కుడుతదమ్మా," అన్నాడు. "నేను కుడ్తనన్న ఇయ్యదు. నాకంటె మంచిగ కుడుతున్నదని బొటిక్కులోల్లు చెప్పినప్పటి సంది దీని కత వేరె అయింది."

నజ్మా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. జాకెట్ల మీద ఇప్పుడు ఇద్దరి పేర్లూ చెప్తున్నారట.

సుష్మ, యాదగిరి కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. డబ్బా సగం ఖాళీ అయింది. అప్పుడు మాస్టర్, అసలు చూపిద్దామని వచ్చింది ఇది కాదమ్మా అన్నాడు. అన్నవాడు నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఒక్కసారిగా తల వెనక్కి వాల్చాడు.

నా చెయ్యి నన్ను అడగలేదు. దానంతటదే ముందుకు వెళ్లి ఆయన గడ్డం కిందికి చేరింది. సుష్మ కూడా ఒక అడుగు ముందుకేసింది. చేతులెలా ఉన్నాయి మాస్టర్ అని ఇద్దరం ఒకేసారి అడిగాం.

ఆయన తల అలాగే ఉంచి, రెండు చేతులూ పైకెత్తి, ఒక్కో వేలినీ బొటనవేలికి తాకించి చూపించాడు. నా అరచేతిలో గడ్డం నున్నగా ఉంది. ఎక్కడా ముల్లు లేదు, గాటు లేదు. సబ్బు వాసన ఇంకా తాజాగా ఉంది.

"సీదా మంగలి షాపు నుంచే ఒస్తున్నమ్మా," అన్నాడు.